నిద్రే రుజువు

రాత్రి పదకొండు దాటాక విజయవాడ వన్ టౌన్‌లో షట్టర్లు ఒకటొకటిగా కిందికి దిగుతాయి. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ, కెనాల్ రోడ్డు పొడుగునా, వస్త్రలత దగ్గరి సందుల్లో, తారాపేట వైపు స్టేషన్ గుమ్మం దాకా, పగలంతా సరుకు పరిచిన మెట్ల మీదే రాత్రి మనుషులు నడుం వాలుస్తారు. తలకింద మూట, మూట కింద చెప్పులు. తెల్లారుజామున లారీలు వచ్చేసరికి వాళ్ళలో కొందరు లేచి మొహం కడుక్కుని హమాలీల ముఠాలో నిలబడతారు. వీళ్ళకు ఊళ్ళో పనుంది, అరువిచ్చే టీ కొట్టుంది, పేరు పెట్టి పిలిచే మేస్త్రి ఉన్నాడు. లేనిదల్లా ఇంటి నంబరు. ‘కేరాఫ్ ప్లాట్‌ఫారం’ అని మనం ఎగతాళికి అనే మాట వీళ్ళ విషయంలో అక్షరాలా నిజం.

ఇలాంటి మనిషి ఒకరు ఇంటికి అర్జీ పెట్టుకోవాలనుకుంటే ఏమవుతుంది? వార్డు సచివాలయంలో మెట్లెక్కగానే ఆధార్ అడుగుతారు, రైస్ కార్డు అడుగుతారు. ఆ రెండింట్లోనూ అడ్రస్ ఉండాలి. ఇల్లు లేదని చెప్పుకోడానికి వెళ్ళినవాణ్ణి ముందు ‘మీ ఇల్లెక్కడ?’ అని అడిగినట్టే. ఈ ముడి మన దగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ ఉంది. దాన్ని విప్పడానికి కొందరు చేసిన పని గురించే ఈ వ్యాసం. వాళ్ళు తాపీమేస్త్రులు కారు, వడ్రంగులు కారు. ఏదో ఆఫీసులో కూర్చుని నిబంధన రాసినవాళ్ళు, దరఖాస్తులో గడులు గీసినవాళ్ళు. పేర్లు ఎవరికీ తెలియవు. సర్కారీ కాగితాన్ని మెచ్చుకుంటూ వ్యాసమేమిటని మీరు నవ్వినా తప్పులేదు. కానీ కొండపల్లి బొమ్మను తిప్పి తిప్పి చూసే కళ్ళతో ఈ కాగితాల్ని ఒకసారి చూడమని నా మనవి.

అన్నిటికంటే బాగా చెక్కిన బొమ్మ ఎన్నికల సంఘం వారిది. ఓటరుగా చేరడానికి ఫారం 6 నింపాలి. అందులో మామూలుగా నివాసానికి రుజువు జతపరచాలి. ఇల్లు లేనివాళ్ళ కోసం బూత్ లెవెల్ ఆఫీసర్లకు (బీఎల్‌ఓలకు) ఇచ్చిన సూచన ఒకటుంది. దాని సారం ఇది: దరఖాస్తుదారు ఫారంలో ఏ చోటు రాశాడో, బీఎల్‌ఓ రాత్రి వేళ ఆ చోటికి వెళ్ళి అతను నిజంగా అక్కడ పడుకుంటున్నాడో లేదో చూడాలి. పడుకుంటున్నాడని తేలితే నివాసానికి వేరే కాగితం రుజువు అక్కర్లేదు. ఒక్క రాత్రి చూస్తే చాలదు, ఒకటి కంటే ఎక్కువ రాత్రులు చూడాలి.

అంతే, మూడు వాక్యాలు. ఇందులో పనితనం ఎక్కడుందో విడదీసి చూద్దాం.

మొదటిది, ‘రాత్రి’ అన్న మాట. ఆఫీసు వేళలు పగటివి. పగలు కాళేశ్వరరావు మార్కెట్ మెట్ల మీద పడుకునే మనిషిని వెతికితే దొరకడు. ఆ మెట్ల మీద ఉల్లిపాయల బస్తాలుంటాయి. అతను ఎక్కడో బండి లాగుతుంటాడు. పగలు వచ్చిన ఉద్యోగి ‘సదరు చిరునామాలో ఎవరూ లేరు’ అని రాసుకుపోతాడు. అతను రాసిందీ అబద్ధం కాదు. నిబంధన రాసినవారికి ఈ సంగతి తెలుసు. అందుకే మనిషిని ఆఫీసు వేళకు రమ్మనకుండా, ఆఫీసునే మనిషి వేళకు పంపారు. సర్కారీ రాతలో ఇది నాకు కనిపించినంతలో చాలా అరుదైన మర్యాద.

రెండోది, ‘ఒకటి కంటే ఎక్కువ రాత్రులు’. ఇది అనుమానంతో పెట్టిన షరతులా కనిపిస్తుంది. నిజానికి దరఖాస్తుదారుకు కాపు. ఒక్క రాత్రే చూసి తేల్చేస్తే, ఆ రాత్రి వాన పడి అతను గుడి మండపంలోకి వెళ్ళి ఉంటే కథ ముగిసినట్టే. రెండు మూడు రాత్రులంటే అతనికి మరో అవకాశం. దొంగ ఓట్ల కోసం ఒక్కరాత్రికి మనుషుల్ని తెచ్చి పడుకోబెట్టే వాళ్ళకూ అదే అడ్డుకట్ట. ఒకే దెబ్బకు రెండు వైపులా నునుపు తేలిన చెక్క ఇది.

మూడోది నాకు చాలా ఇష్టమైనది. నిద్రపోవడమే రుజువు. మనిషి ఏమీ చెయ్యనక్కర్లేదు. సంతకం, సాక్షి, గెజిటెడ్ అధికారి, నోటరీ, ఇవేవీ వద్దు. అతను రోజూ చేసే పనినే, అంటే ఒళ్ళు మరిచి పడుకోవడాన్నే, రాజ్యం వచ్చి చూసి రాసుకుంటుంది.

ఈ సూచన గాల్లోంచి ఊడిపడలేదు. దీని వెనక 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఉంది. ఆ చట్టం 20వ సెక్షన్ ‘సాధారణ నివాసి’ అంటే ఎవరో చెబుతూ ఒక విచిత్రమైన మాటతో మొదలుపెడుతుంది. ఒక నియోజకవర్గంలో ఇల్లు ఉన్నంత మాత్రాన మనిషి అక్కడి నివాసి అయిపోడట. హైదరాబాదులో ఉంటూ సొంతూళ్ళో తాళం వేసిన మేడ ఉన్నవాళ్ళకు ఈ మాట అంతగా రుచించదు. అయితే దీన్ని తిరగేసి చదవండి. ఇల్లుండటం నివాసం కాదన్నప్పుడు, ఇల్లు లేకపోవడం నివాసం లేకపోవడమూ కాదు. నివాసానికీ ఆస్తికీ ఉన్న ముడిని ఆ తొలి వాక్యమే తెంపేసింది. దాని పక్కనే ఉన్న ఉపవిభాగం, తాత్కాలికంగా వేరేచోటికి వెళ్ళినంత మాత్రాన నివాసం పోదంటుంది. వాన రాత్రి గుడి మండపానికి మారినవాడికి అదే గొడుగు. గణతంత్రం మొదలైన ఏడాదిలోనే దేశం ఈ చెక్కను ఎంచుకుంది. తర్వాతివాళ్ళు దానిమీద నగిషీ చెక్కారు.

లోపం లేదా అంటే ఉంది. బీఎల్‌ఓలు చాలాచోట్ల అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు, కింది స్థాయి ఉద్యోగులు. ఒక ఆడమనిషి అర్ధరాత్రి ఒంటరిగా వన్ టౌన్ సందుల్లో రెండు మూడు రాత్రులు తిరగాలని రాసినవారు, ఆమెకు తోడు ఎవరు, ఆటో చార్జీ ఎవరిస్తారు అన్నది ఆ మూడు వాక్యాల్లో పెట్టలేదు. మంచి ఉలి ఇచ్చి, పిడి వెయ్యడం మరిచిపోయినట్టు.

జనాభా లెక్కలవాళ్ళు ఈ రాత్రి పద్ధతి ఇంతకుముందే పట్టారు. 2011 లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కసారిగా లెక్కపెట్టారు. ఎక్కడ వెతకాలో కూడా సూచనల్లో ఉంది: పేవ్‌మెంట్లు, మెట్ల కింద, ఫ్లైఓవర్ల కింద, ప్లాట్‌ఫారాలు, గుళ్ళ మండపాలు, హ్యూమ్ పైపులు. రోడ్డు పక్క పడేసిన సిమెంటు పైపు కూడా మనిషి ఉండే చోటేనని ఒక సర్కారీ పత్రం ఒప్పుకుందంటే, దాన్ని రాసినవాడు ఆ పైపు దగ్గర ఒకసారైనా ఆగి వంగి చూశాడన్నమాట. ఆ రాత్రి దేశం మొత్తంమీద లెక్కకు వచ్చినవాళ్ళు 17.7 లక్షలు. ఆ అంకె తక్కువని అప్పుడే చాలామంది అన్నారు. తక్కువే అయ్యుండొచ్చు. నేను మెచ్చుకునేది అంకెను కాదు, వెతికే చోట్ల జాబితాను.

ఇక ఆధార్. అడ్రస్‌కు వేరే రుజువు లేనివాళ్ళ కోసం దీనికి సర్టిఫికెట్ నమూనా ఒకటుంది. ఎ4 కాగితం, లెటర్ హెడ్ అక్కర్లేదు. పైన ఫోటో. ధ్రువీకరించేవారి సంతకం, ముద్ర ఫోటో మీదకీ కాగితం మీదకీ సగం సగం పడాలి. కింద వరసగా గడులు: పేరు, కేరాఫ్, ఇంటి నంబరు, వీధి, గుర్తుగా ఉండే చోటు, ప్రాంతం, ఊరు, పోస్టాఫీసు, జిల్లా, పిన్‌కోడ్. ధ్రువీకరించగలవాళ్ళ జాబితాలో గెజిటెడ్ అధికారులు, ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లతో పాటు, గుర్తింపు పొందిన షెల్టర్ హోముల వార్డెన్లు, సూపరింటెండెంట్లూ ఉన్నారు.

ఈ చివరి చేర్పు వల్ల ఏమైందో చూడండి. ఎమ్మెల్యే సంతకం కోసం రోజుల తరబడి గుమ్మం ముందు నిలబడాల్సిన మనిషికి, తాను రాత్రి పడుకునే చోట తనకు దుప్పటి ఇచ్చే వ్యక్తే ధ్రువీకరణ అధికారి అయ్యాడు. అతని ముఖం నిజంగా ఎరిగినవాడూ అతనే. మిగతా అధికారులు ముఖం చూడకుండా సంతకం పెట్టగలరు, పెడతారు కూడా. ఆ సగం ఫోటో మీద పడే ముద్రను నేను పనితనం అని ఎందుకంటున్నానంటే, ఆ ముద్ర ఉన్నాక ఫోటో ఊడదీసి ఇంకొకరిది అతికిస్తే ముద్ర వృత్తం కలవదు. మోసానికి తాళం వెయ్యడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేకపోయింది. వృత్తంలో సగం ఇటు, సగం అటు పడితే సరిపోయింది. పాత రోజుల్లో దస్తావేజుల రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం పెట్టిన తెలివే ఇది.

‘కేరాఫ్’ గడి ఇంకో ముచ్చట. షెల్టర్ పేరు అందులో రాస్తే చాలు, ఎగతాళి మాట కాస్తా అడ్రస్ అయిపోతుంది. ఇంటి నంబరు గడి ఖాళీగా ఉన్నా ‘గుర్తు’ గడి నిండితే ఉత్తరం వస్తుంది. మనవాళ్ళు ఊళ్ళో ఎవరికైనా దారి చెప్పేటప్పుడు ఇంటి నంబరు చెబుతారా? పంజా సెంటర్ దాటాక, మసీదు పక్క సందు, టైలరు కొట్టు మీద అంటారు. ఆ గడి గీసినవాళ్ళు మన నోటిని విన్నారు.

ఒక్క చిక్కు. ఆ సర్టిఫికెట్ జారీ చేసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. ఈ గడువును తప్పుపట్టను, షెల్టర్ అడ్రస్ మారేదే. అయితే ఆ మూడు నెలల్లో వేలిముద్రలు పడకపోతే అన్నీ మొదటికి వస్తాయి. బస్తాలు మోసి మోసి అరిగిన వేళ్ళ మీద గీతలు యంత్రానికి అందకపోవడం ముఠా పనివాళ్ళకు మామూలు. కంటిపాప ముద్ర దీనికి ప్రత్యామ్నాయం. శుక్లాలు ముదిరిన కళ్ళకు అదీ కష్టమే.

ఈ కాగితాలు ఎక్కడ తయారవుతాయి? షెల్టర్‌లో. పట్టణ నిరాశ్రయులకు ఆశ్రయం అనే పథకం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో భాగంగా 2013లో మొదలైంది. మన రాష్ట్రంలో దాన్ని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా, నగరపాలక సంస్థలు నడిపాయి. విజయవాడ నగరపాలక సంస్థ కూడా షెల్టర్లు నడుపుతోంది. పథకం మార్గదర్శకాల్లో లక్ష జనాభాకు కనీసం వంద మందికి శాశ్వత ఆశ్రయం ఉండాలన్నారు. పది లక్షలు దాటిన మన ఊరికి ఆ లెక్కన వెయ్యి పడకలు కావాలి. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల జాగా ఇవ్వాలన్నారు. 24 గంటలూ తెరిచి ఉండాలన్నారు. పనులు దొరికే చోటికి దగ్గర్లో కట్టాలన్నారు. ఇవ్వగలిగినవాళ్ళ దగ్గర మాత్రం ఆదాయంలో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు మించకుండా తీసుకోవచ్చన్నారు.

ఈ ఐదింట్లో నన్ను ఆపింది ‘24 గంటలూ’ అన్నది. నైట్ షెల్టర్ అనే పాత మాటలోనే తప్పుంది. ఉదయం ఆరింటికి దుప్పటి మడిచి బయటికి పంపేస్తే, ఆ మనిషికి అడ్రస్ రాత్రికే కానీ పగటికి లేనట్టు. పోస్ట్‌మాన్ వచ్చేది పగలే. ఆధార్ కార్డు పోస్టులో వచ్చేది పగలే. షెల్టర్ పగలు మూసేస్తే కార్డు వెనక్కి పోతుంది. అందుకే ఆ ఒక్క మాటతో పథకం పడకను కాస్తా నివాసంగా మార్చింది. రేషన్, పింఛను, వైద్యం, గుర్తింపు కార్డుల వంటి వాటికి షెల్టర్ దారి చూపాలన్నదీ అందులో ఉంది. అంటే తలదాచుకునే చోటే కాగితాల కార్ఖానా కూడా కావాలన్నారు.

ఇదంతా దయతో మాత్రమే రాలేదు. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ళకు బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు వాళ్ళను పేవ్‌మెంట్ల మీదే ఉండనివ్వలేదు, ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2016 నవంబరులో ఇ.ఆర్. కుమార్ కేసులో షెల్టర్లు నిజంగా నడుస్తున్నాయా లేదా చూడమని జస్టిస్ కైలాష్ గంభీర్ నాయకత్వంలో కోర్టు ఒక కమిటీ వేసింది. కాగితం బాగుంటే చాలదు, కాగితం వెనక ఎవరైనా తిరగాలని కోర్టుకే అనిపించిందన్నమాట.

ఇప్పుడు ఇంటి దగ్గరికొద్దాం. మన రాష్ట్రంలో చిన్న ఇల్లు అన్నది కొత్త మాట కాదు. 2020 డిసెంబరు 25న మొదలైన పేదలందరికీ ఇళ్ళ పథకంలో పట్టణాల్లో ఒక సెంటు స్థలం ఇచ్చారు. సెంటంటే 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. అందులో ప్రామాణిక నమూనా ఇల్లు 340 చదరపు అడుగులు: హాలు, పడకగది, వంటగది, మరుగుదొడ్డి, వరండా. ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఫ్లాట్లలో అన్నిటికంటే చిన్నది 300 చదరపు అడుగులు. దాన్ని లబ్ధిదారుకు రూపాయికి ఇవ్వాలని అప్పటి ప్రభుత్వం నిర్ణయించింది. విజయవాడవాళ్ళకు ఇవి కొండ అవతల జక్కంపూడిలో ఉన్నాయి. అంతకుముందు కేంద్ర పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కాలంలో కట్టిన ఇళ్ళూ అక్కడే. ఇంకా వెనక్కి వెళితే వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన. ఆ పథకం పేరు ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ‘వాంబే’ అయి, మన నోట్లో ఒక కాలనీ పేరుగా స్థిరపడింది. పథకం పోయింది, పేరు మిగిలింది.

ఒక సెంటు మీద ఇల్లు గియ్యడం తేలిక కాదు. వంటింటి పొగ పడకగదిలోకి రాకూడదు, మరుగుదొడ్డి గుమ్మం పొయ్యికి ఎదురుగా ఉండకూడదు, మంచం వేశాక తలుపు తెరుచుకోవాలి. ఇవన్నీ 340లో సర్దిన చెయ్యి తక్కువది కాదు. వరండా మిగిల్చినందుకు నేనైతే ఆ నమూనాకు మరో దండం పెడతాను. గదిని ఇంకో మూడడుగులు జరిపి వరండా తీసెయ్యడం చాలా సులువు. మన ఇళ్ళకు అరుగు లేకపోతే పక్కింటివాళ్ళు కూర్చునేదెక్కడ?

అయితే ఇక్కడే నేను మొదట్లో చెప్పిన మనిషి తప్పిపోతాడు. పట్టా ఇంటి ఇల్లాలి పేరు మీద ఇస్తారు. అది మంచి నిర్ణయం, దాన్ని మార్చమనను. దరఖాస్తుకు ఆధారం రైస్ కార్డు. రైస్ కార్డుకు ఆధారం కుటుంబం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన నిర్వచనంలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. ఇరవయ్యేళ్ళుగా మార్కెట్ మెట్ల మీద పడుకుంటున్న ఒంటరి మనిషి ఈ గడుల్లో దేనిలోనూ కూర్చోడు. ఎన్నికల సంఘం అతన్ని నిద్రలో చూసి గుర్తుపట్టింది. షెల్టర్ అతనికి కేరాఫ్ ఇచ్చింది. ఇంటి పథకం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ‘మీ ఇంట్లో ఎంతమంది?’ దగ్గరే ఆగిపోయాడు. దీనికి తోడు దూరం ఉంది. జక్కంపూడిలో పడుకుని తెల్లారుజామున మూడింటికి వన్ టౌన్ లారీ దగ్గర నిలబడటం ఎలా? హోల్‌సేల్ కొట్లు కొన్ని గొల్లపూడి కాంప్లెక్సుకు తరలాక పని కూడా కొంత అటు జరిగింది. కానీ ముఠా మనిషికి ముఠా ఎక్కడుంటే ఇల్లు అక్కడే.

ఏళ్ళ తరబడి వీధిలో ఉన్నవాళ్ళకే వేరుగా ఇళ్ళు కట్టి, తోడుగా ఒక నర్సో సహాయకుడో ఉండేలా ఏర్పాటు చెయ్యడం అమెరికాలో ఒక శాఖగా పెరిగింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపియా అనే ఊళ్ళో 2007లో వీధి మనుషులు డౌన్‌టౌన్‌లో ఒక పార్కింగ్ స్థలంలో గుడారాలు వేశారు. అక్కడి నుంచి లేపేస్తే చర్చిల ఆవరణలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ వచ్చారు. చివరికి 2013 డిసెంబరులో క్విక్సోట్ విలేజ్ అని 30 చిన్న ఇళ్ళు వచ్చాయి. ఒక్కొక్కటి 144 చదరపు అడుగులు, అంటే పన్నెండు అడుగుల చదరంలో పట్టేంత జాగా. మన సెంటు ఇంట్లో సగం కూడా కాదు. లోపల మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే సింకు. స్నానాలు, వంట, బట్టల ఉతుకు అందరికీ కలిపి ఒక పెద్ద భవనంలో. ఆ ఇళ్ళ నమూనా గీసేటప్పుడు గుడారాల్లో ఉన్నవాళ్ళనే అడిగారు. వాళ్ళు లోపలి జాగా కొంత వదులుకుని ఇంటి ముందు కూర్చునే చోటు కావాలన్నారు. అరుగు అడిగారు! గోడలు కలిసిన వరస ఇళ్ళు వద్దు, చిన్నవైనా విడివిడిగా కావాలన్నారు. అద్దె ఆదాయంలో 30 శాతం.

అంతకంటే నన్ను ఆకట్టుకున్నది అక్కడి దరఖాస్తు నిబంధన. 2015 డిసెంబరులో అమెరికా గృహనిర్మాణ శాఖ ‘దీర్ఘకాల నిరాశ్రయుడు’ అంటే ఎవరో తేల్చింది. ఏదో ఒక వైకల్యం లేదా దీర్ఘవ్యాధి ఉండి, పన్నెండు నెలలు వరసగా వీధిలోనో షెల్టర్‌లోనో ఉండాలి. లేదా మూడేళ్ళలో కనీసం నాలుగుసార్లుగా కలిపి పన్నెండు నెలలు ఉండాలి. పన్నెండు నెలల వీధి బతుకుకు రుజువు తెమ్మంటే ఎవరు తేగలరు? అందుకని రెండు చిన్న కిటుకులు పెట్టారు. ఒక నెలలో ఒక్క రోజు ఎవరైనా సేవాకార్యకర్త అతన్ని చూసినట్టు రాసి ఉంటే, ఆ నెలంతా వీధిలో ఉన్నట్టే లెక్క. మధ్యలో బంధువుల ఇంట్లో నాలుగు రాత్రులు పడుకుంటే లెక్క తెగదు. వరసగా ఏడు రాత్రులు నిండితేనే తెగినట్టు. మన బీఎల్‌ఓ సూచన రాసిన చెయ్యీ, ఈ నిబంధన రాసిన చెయ్యీ ఒకే బడిలో అక్షరాలు దిద్దాయేమో అనిపిస్తుంది. రెండూ మనిషిని కాగితం తెమ్మనవు. కనబడితే చాలంటాయి.

ఇంత దూరం పోనక్కర్లేదు, మద్రాసు దాకా వెళితే చాలు. అక్కడ ద బన్యన్ సంస్థ 1993 నుంచి వీధిలో తిరిగే మతిస్థిమితం లేని ఆడవాళ్ళతో పనిచేస్తోంది. 2015లో ‘హోమ్ అగైన్’ మొదలుపెట్టారు. ఏళ్ళుగా ఆశ్రమంలో ఉండిపోయి, వెళ్ళడానికి ఇల్లు లేని ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో మామూలు అద్దె ఇంట్లో ఉంటారు. తోడుగా సహాయకులు ఉంటారు. పక్కింటివాళ్ళకు ఇది ఆసుపత్రి కాదు, ఇల్లే. జబ్బు పూర్తిగా తగ్గాకే ఇల్లు అనలేదు. ఇల్లుంటే మిగతాది నెమ్మదిగా కుదురుకుంటుందని నమ్మారు. 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ మొదలుపెట్టిన పాత్‌వేస్ టు హౌసింగ్ నమ్మకమూ అదే: ముందు తాళం చెవి, తర్వాత మందులు, తర్వాత మాటలు.

కొండపల్లి బొమ్మ తయారీ చూసినవాళ్ళకు తెలుసు. తెల్లపొణికి చెక్కలో తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కుతారు. తర్వాత చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. మక్కు ఆరాక ఉలితో సరిచేసి రంగు వేస్తే అతుకు ఎక్కడుందో కనపడదు. మన నిరాశ్రయ వ్యవస్థలో అవయవాలన్నీ బాగా చెక్కినవే. ఫారం 6 బాగుంది. ఆధార్ సర్టిఫికెట్ బాగుంది. షెల్టర్ మార్గదర్శకాలు బాగున్నాయి. సెంటు ఇంటి నమూనా బాగుంది. వాటి మధ్య మక్కు లేదు. షెల్టర్‌లో రోజూ రాసే హాజరు రిజిస్టరు ఉంటుంది. ఫలానా మనిషి ఎన్ని రాత్రులు పడుకున్నాడో అందులో తేదీలతో సహా ఉంటుంది. ఆ రాత్రుల్ని ఇంటి దరఖాస్తులో అర్హతగా లెక్కపెట్టే గడి మాత్రం సచివాలయంలో లేదు.

2024లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో విడతలో, సొంతిల్లు కట్టుకునే స్తోమత లేనివాళ్ళకు అద్దె ఇళ్ళ విభాగం ఒకటి పెట్టారు. దాని లబ్ధిదారుల్లో నిరాశ్రయుల్ని కూడా చేర్చారు. మక్కు కలిపే గిన్నె అంటూ ఉంటే అదే. వన్ టౌన్‌లోనే, మార్కెట్‌కు నడిచే దూరంలో, మనిషికొక పన్నెండడుగుల గదీ ముందొక అరుగూ, ముప్ఫై గదులకు ఒక వంటిల్లూ ఒక సహాయకుడూ, ప్రవేశానికి షెల్టర్ రిజిస్టరులో రాత్రుల లెక్క: ఇంతకు మించి ఈ గిన్నెలో కలపాల్సింది ఏమీ లేదు. అధికారులకు ఈ ఊహ చిన్నదిగా కనిపించొచ్చు. కోట్ల రూపాయల కాలనీల ముందు ముప్ఫై గదులు చిన్నవే. ఆ గదుల్లో చేరబోయేవాళ్ళు ఇప్పుడున్నది మాత్రం అంతకన్నా చిన్న చోట, షట్టరు ముందు ఆరడుగుల మెట్టు మీద.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని, వాంబే కాలనీని ముంచెత్తినప్పుడు ఇళ్ళున్నవాళ్ళ బీరువాల్లోని కాగితాలు కూడా నీళ్ళలో నానిపోయాయి. ఒక్క రాత్రిలో వేలమంది కాగితాలు లేని మనుషులయ్యారు. పడుకున్న చోటే రుజువు అనే నిబంధన ఎవరి కోసం రాశారో ఆ వారం ఊరంతటికీ కొంచెం అర్థమై ఉంటుంది.

చివరగా వన్ టౌన్ కొట్ల యజమానులకు ఒక మాట. మీ మెట్ల మీద రాత్రి ఎవరు పడుకుంటారో మీకు తెలుసు. షట్టరు దించేటప్పుడు వాళ్ళను తప్పుకోమని అనేదీ మీరే, పొద్దున వాళ్ళతో ఒక బస్తా దింపించుకునేదీ మీరే. వాళ్ళకు ఫారం 6 నింపిపెట్టండి. చిరునామా గడిలో మీ కొట్టు మెట్లు రాయించండి. ఏదో ఒక రాత్రి బీఎల్‌ఓ టార్చిలైటుతో వచ్చి ‘ఈయన రోజూ ఇక్కడే పడుకుంటాడా అండీ?’ అని అడిగితే, అవునని చెప్పండి.